ఏనుగు సరే, కుస్తీ ఎవరితో పట్టాడు?

బనియాస్‌లో మేముండే బిల్డింగ్‌లో శనివారం రాత్రి పిల్లలంతా మా హాల్లోనే చేరతారు. ఆదివారం కూడా సెలవే కాబట్టి పెద్దవాళ్ళెవరూ అభ్యంతరం చెప్పరు. టీవీలో రెజ్లింగ్ నడుస్తుంది గానీ, అసలు ఆట టీవీ కట్టేశాక మొదలవుతుంది. బెల్టు ఎవరికి రావాల్సింది, ఎవర్ని కంపెనీవాళ్ళు నెలల తరబడి ఊరికే కూర్చోబెట్టారు, ఎవర్ని గెలిపించి తప్పు చేశారు అని అర్ధరాత్రి దాకా వాదించుకుంటారు. ఈ మొత్తం వ్యవహారానికి వాళ్ళు పెట్టుకున్న పేరు బుకింగ్.

ఆ గొడవ తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ఈ టీవీ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే అనుకున్నవి. ఎవర్ని ఎవరితో కలపాలి, ఎవర్ని పైకి తేవాలి, ఎవరు ఓడాలి అన్నది తెర వెనక ఒకరు నిర్ణయిస్తారు. మన పౌరాణిక నాటకాల కంపెనీలో వేషాలు పంచే పెద్దమనిషి లాంటివాడన్నమాట. పద్యం బాగా పాడేవాడికి ఎప్పుడూ ద్వారపాలకుడి వేషమే ఇస్తుంటే ఊళ్ళో జనం ఎలా గొణుక్కునేవారో, మా పిల్లల గొణుగుడూ అలాంటిదే. 2017 మే నెలలో జిందర్ మహల్ డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్ అయ్యాడు. నవంబరులో బెల్టు పోయింది. డిసెంబరులో ఢిల్లీ తీసుకొచ్చి, మనవాళ్ళ ముందే ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడించారు. ఆ సంగతి ఎత్తితే మా పెద్దవాడికి ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇలాంటి ఒక రాత్రి కింది అంతస్తులో ఉండే లాహోర్ కుర్రాడు గామా పహిల్వాన్ పేరు తెచ్చాడు. గొప్ప మల్లుడై ఉండి పోటీ దొరక్కుండా పోయినవాళ్ళలో ఆయనే మొదటివాడని అతని వాదన. తారీఖులతో సహా చెప్పాడు. 1910లో గామా లండన్ వెళ్ళాడు. పొట్టిగా ఉన్నాడని పోటీలో చేర్చుకోలేదు. ఎంతటివాడినైనా పడగొడతానని సవాలు విసిరితే ముందు ఎవరూ నమ్మలేదు. చివరికి అమెరికా మల్లుడు రోలర్‌ని చిత్తు చేశాక, సెప్టెంబరు 10న పోలండ్ వీరుడు జిబిస్కోతో కలిపారు. ఆ పెద్దమనిషి రెండున్నర గంటలు చాపను కరుచుకుని పడుకున్నాడు. వారం తర్వాత మళ్ళీ పట్టాల్సి ఉంటే అసలు రానే లేదు. 1928లో పాటియాలాలో ఇద్దరినీ మళ్ళీ కలిపితే ఒక్క నిమిషం కూడా పట్టలేదు, జిబిస్కో వెల్లకిలా పడ్డాడు.

మావాళ్ళు ఊరుకుంటారా? మాకు కోడి రామమూర్తి ఉన్నాడన్నారు. గుండెల మీద ఏనుగు నడిచింది, రెండు చేతులతో రెండు కార్లు ఆపాడు, ఇనుప గొలుసులు తెంచాడు అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పారు. లాహోర్ కుర్రాడు అంతా మర్యాదగా విని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. ఏనుగు సరే, ఆయన కుస్తీ ఎవరితో పట్టాడు?

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మాది శ్రీకాకుళం వైపు. మా ఊళ్ళో తిండి ఎక్కువ తినే పిల్లాణ్ణి కోడి రామమూర్తి అనే పిలిచేవాళ్ళు. శ్రీకాకుళం పట్నంలో స్టేడియానికి ఆయన పేరే. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ముందు నిలబడి ఫోటోలు దిగినవాణ్ణి. అయినా నా దగ్గర ఆ ప్రశ్నకి జవాబు లేదు. ఆ రాత్రి నుంచి ఆ జీవితం నాకు వేరేగా కనబడుతోంది.

కోడి రామమూర్తి నాయుడు 1880ల మొదట్లో వీరఘట్టంలో పుట్టారు. పాలకొండ దగ్గరి ఊరు. అప్పట్లో విశాఖ జిల్లా, తర్వాత శ్రీకాకుళం జిల్లా, 2022లో జిల్లాలు మార్చినప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్నప్పుడే పోయింది. తల్లిలేని పిల్లాడు, పైగా దుడుకు. బడికి పంపితే చెరువు గట్టున తేలేవాడట. తండ్రి విసిగిపోయి విజయనగరంలో పోలీసు శాఖలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి దగ్గరికి పంపేశాడు.

ఆ పంపడమే ఆయన అదృష్టం. విజయనగరం అంటే మనకి సంగీతం, సాహిత్యం, గురజాడ గుర్తొస్తారు గానీ, ఆ ఊళ్ళో అప్పట్లో తాలింఖానాలు కూడా బాగా నడిచేవి. రాజులకి మల్లుల మీద మోజు. పక్కనే కంటోన్మెంట్, మద్రాసు సైన్యం మకాం. ఇప్పటికీ ఊళ్ళో ఆ పేటని కంటోన్మెంట్ అనే అంటారు. చిన్నాన్న ఈ కుర్రాడి దుడుకుతనాన్ని తిట్టి అణచకుండా గోదాలో దింపాడు. తెల్లవారుజామున దండీలు, బస్కీలు, ఎర్రమట్టిలో కుస్తీ పట్లు, తర్వాత చదువు. పెద్దాయన ఆంజనేయ భక్తుడనీ, మాంసం ముట్టేవాడు కాదనీ చెబుతారు. మా పిల్లలు ప్రోటీన్ డబ్బాల మీద పెట్టే డబ్బు చూసినప్పుడల్లా నాకీ విషయం గుర్తొస్తుంది. నెయ్యి, పాలు, బాదం మాత్రం లెక్కలేకుండా పట్టించేవాడట.

తర్వాత మద్రాసు వెళ్ళి సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొందారు. తిరిగొచ్చి విజయనగరంలో తను చదివిన బళ్ళోనే డ్రిల్లు మాస్టారుగా చేరారు. ఇక్కడొక్క నిమిషం ఆగుదాం. చేతిలో సర్కారు చదువు, మంచి ఉద్యోగం, సొంత ఊరు లాంటి ఊరు. మామూలు మనిషైతే పెళ్ళి చేసుకుని పింఛను దాకా అక్కడే ఉండేవాడు. కానీ అంత బలం ఉన్న మనిషికి ఆ రోజుల్లో ఈ దేశంలో ఇంకేం పని దొరుకుతుంది?

సైన్యంలోకి పోవచ్చు కదా అనిపిస్తుంది. అదే జరిగే పని కాదు. ఈస్టిండియా కంపెనీ కాలంలో మన ఉత్తర సర్కారుల నుంచి ఎందరో తెలుగు సిపాయిలు మద్రాసు సైన్యంలో ఉండేవాళ్ళు. 1880ల్లో మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొరకి దక్షిణాది సిపాయి మీద గురి లేదు. పంజాబీలు, పఠాన్లు, గూర్ఖాలు యుద్ధానికి పుట్టినవాళ్ళు, దక్షిణాదివాళ్ళు పనికిరారు అన్న సిద్ధాంతం అప్పుడు బలపడింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో తెలుగు పటాలాలను ఒక్కొక్కటే తగ్గిస్తూ వచ్చారు. రామమూర్తి గోదాలో చెమటోడుస్తున్న ఏళ్ళు సరిగ్గా అవే. పక్కన కంటోన్మెంట్ ఉంది, అందులో తన మనుషులకి చోటు తగ్గిపోతోంది. మా పిల్లల భాషలో చెప్పాలంటే, ఒక జాతి జాతినే బుకర్ పక్కన కూర్చోబెట్టేశాడు.

ఇక మిగిలింది రాజుల కొలువు. గామా బతికింది అక్కడే. మొదట దతియా సంస్థానం, తర్వాత పాటియాలా. రాజు తిండి పెడతాడు, దంగల్ ఏర్పాటు చేస్తాడు, ఎవరితో పట్టాలో కూడా ఆయనే చెబుతాడు. పంజాబులో ఒక సంస్థానం కాకపోతే ఇంకొకటి ఉండేది. మన జిల్లాల్లో విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం లాంటి జమీందారులు కవులనీ గాయకులనీ పోషించారు గానీ, ఒక మల్లుణ్ణి లండన్ దాకా పంపి పోటీలు కుదిర్చే ఏర్పాటు ఇక్కడ లేదు.

కాబట్టి రామమూర్తి ఉద్యోగం వదిలి సర్కస్ పెట్టారు. ఇది నా లెక్కలో ఆయన చేసిన అన్నిటికంటే పెద్ద సాహసం. ఏనుగు దీని ముందు ఎంత! విష్ణుపంత్ ఛత్రే బొంబాయిలో మొదటి దేశీ సర్కస్ పెట్టింది 1880లో. అంటే ఈ వ్యాపారం కూడా రామమూర్తి వయసుదే. డేరాలు, గుర్రాలు, పులులు, వాటికి మేత, రైలు వ్యాగన్లు, ఊరూరా అనుమతులు, వందమందికి రెండు పూటలా అన్నం. తునిలో మొదలై తెలుగు జిల్లాలు తిరిగి, మద్రాసు దాటి, హైదరాబాదు, పూనా, ఉత్తరాది దాకా వెళ్ళింది ఆ సర్కస్. సర్కస్ బలశాలుల్ని ప్రొఫెసర్ అని పిలిచే అలవాటు ఉండేది. ఉత్తరాదిలో ఆయన ప్రొఫెసర్ రామమూర్తి అయిపోయారు. హిందీవాళ్ళ ఇళ్ళల్లో కూడా బలమంటే ఆ పేరే సామెత అయింది.

ఆ సర్కస్‌కి యజమాని ఆయన, ఆటలు కూర్చేవాడు ఆయన, చివరి అంశంలో దిగేదీ ఆయనే. అంటే బుకర్ కూడా ఆయనే. ఎవరి దయా అక్కర్లేదు. ఎవరూ ఆయన్ని పక్కన కూర్చోబెట్టలేరు.

ఆయన చేసిన ఫీట్లు ఎలా నడిచేవో కాస్త చెప్పాలి. పిల్లలు అదంతా మాయ అనో, లేదంటే దేవుడి శక్తి అనో అనుకుంటారు. రెండూ కాదు. మనిషి వెల్లకిలా పడుకుంటే గుండెల మీద గట్టి చెక్క వేస్తారు. ఏనుగు ఒక కొస నుంచి ఎక్కి రెండో కొసకి దిగుతుంది. కొసల దగ్గర ఉన్నంతసేపూ బరువులో చాలా భాగం నేల మీదే ఉంటుంది. నడిమధ్యకి వచ్చినప్పుడే మనిషి మోయాలి. ఆ క్షణంలో ఊపిరి బిగబట్టి పక్కటెముకలు డోలులా నిలబెట్టాలి. చిన్న ఏనుగైనా టన్నుకి పైనే. ఊపిరి ఒక్క లిప్త ముందు వదిలినా ఎముకలు మిగలవు. చెక్క ఎంత వెడల్పు, ఎంత మందం, ఏనుగు ఎంత నెమ్మదిగా నడవాలి, మావటి ఎక్కడ ఆపాలి అన్నదంతా లెక్క. ఆ లెక్క తెలియడం వల్ల ఫీటు విలువ తగ్గదు. ఆ లెక్క తెలిసినవాళ్ళంతా వెళ్ళి పడుకోలేదు కదా!

కార్ల సంగతీ అంతే. రెండు కార్లు ఎదురెదురు దిక్కులకి లాగితే ఒకదాని బలం రెండోదాన్ని చాలావరకు ఆపుతుంది. నడుమ ఉన్నవాడి భుజాలు, మోచేతులు, పిడికిళ్ళు ఆ లాగుడుకి విడిపోకుండా ఉండాలి, అంతే. అంతే అని రాయడం సులువు. ఒక డ్రైవరు కంగారుపడి ముందే వేగం పెంచాడా, చెయ్యి ఊడి వచ్చేస్తుంది. ఒక్క కారు ఆపడం ఇంకా కష్టం, అక్కడ సాయం చేసే రెండో కారు ఉండదు. వైస్రాయి మింటో స్వయంగా కారు నడిపి చూశాడనీ, గొలుసు పట్టుకున్న రామమూర్తి దాన్ని అంగుళం కదలనివ్వలేదనీ మన వైపు ప్రతి ఇంట్లోనూ చెప్పుకుంటారు. మింటో వైస్రాయిగా ఉన్నది 1905 నుంచి 1910 దాకా. అప్పటి కార్లు ఇప్పటి మన ల్యాండ్ క్రూజర్లు కావు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి బలం ఇరవై గుర్రాలే. ఇరవై గుర్రాలే అని మళ్ళీ అంటున్నాను, నవ్వుకోండి.

దొరలు చూడ్డానికి రావడంలో ఒక ముచ్చట ఉంది. మద్రాసువాడు యుద్ధానికి పనికిరాడని కాగితాల మీద తేల్చేసిన ప్రభుత్వం, అదే మద్రాసు రాజధాని నుంచి వచ్చిన తెలుగువాడి ముందు కారు స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. జనం టిక్కెట్టు కొన్నది దానికే. 1905 నుంచి స్వదేశీ ఉద్యమం ఊపు మీద ఉంది, ఊరూరా వ్యాయామశాలలు లేస్తున్నాయి. యూజెన్ శాండో అనే జర్మన్ బలశాలి 1904, 1905ల్లో మన దేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చి వెళ్ళాడు. అలాంటివాడు మనలోనే ఉన్నాడని చూపించడానికి దేశానికి ఒక మనిషి కావాలి. తిలక్, మాలవీయ లాంటి పెద్దలు ఆయన్ని మెచ్చుకుని ప్రోత్సహించారని చెబుతారు. మల్లమార్తాండ, కలియుగ భీమ అన్న బిరుదులు అలా వచ్చినవే. లండన్‌లో ఐదో జార్జి, మేరీ రాణి ముందు ప్రదర్శనిచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకున్నారని కూడా ఆయన చరిత్ర రాసినవాళ్ళంతా రాశారు.

లండన్‌లో చెక్క మార్చి చంపబోయారని ఒక కథ, రంగూన్‌లో ఇంకో కుట్ర అని ఇంకో కథ, స్పెయిన్‌లో ఎద్దు కొమ్ములు పట్టి పడేశాడని మరో కథ. స్పెయిన్ ఎద్దుని నేను నమ్మను, మీరు నమ్మితే అభ్యంతరం లేదు. కానీ ఈ కథలన్నిటిలోనూ ఒకటి గమనించండి. ఎదురుగా ఉన్నది ఎప్పుడూ ఏనుగు, ఎద్దు, కారు, గొలుసు, లేదా చాటున కుట్ర చేసేవాడు. పేరున్న మరో మల్లుడు ఎక్కడా లేడు. బిరుదేమో మల్లమార్తాండ, నేర్చుకున్నదేమో విజయనగరం ఎర్రమట్టిలో కుస్తీ పట్లు. జనం చెప్పుకునేదాంట్లో మాత్రం కుస్తీ లేదు.

దీనికి కారణం పిరికితనం అని ఎవరూ అనలేరు. అది సర్కస్ లెక్క. కుస్తీలో ఓటమి ఉంటుంది. ఒక్క రాత్రి వీపు మట్టికి తగిలిందా, మర్నాడు డేరా ఖాళీ. వందమందికి అన్నం ఉండదు. ఏనుగు మాత్రం రోజూ ఒకేలా నడుస్తుంది, రోజూ గెలవచ్చు. పైగా కొత్త ఊళ్ళో జనానికి కుస్తీ పట్లు తెలియవు, ఏనుగు ఎంత బరువో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. తన బుకర్ తానే అయిన మనిషి, తనలోని మల్లుణ్ణి తానే వెనక కూర్చోబెట్టి బలశాలిని ముందుకు తెచ్చాడు. గామా సంగతి తలకిందులు. ఆయన ఎవరితో కలవాలో ఇంకొకళ్ళు నిర్ణయించారు, ఏళ్ళ తరబడి పోటీ దొరక్క విసిగిపోయాడు. కానీ దొరికిన ప్రతి కుస్తీకీ తారీఖు ఉంది, నిమిషాల లెక్క ఉంది. నూట పది సంవత్సరాలు దాటాక కూడా లాహోర్ కుర్రాడు బనియాస్‌లో వాటిని ఒప్పజెప్పగలుగుతున్నాడు.

ఇద్దర్లో ఎవరు నష్టపోయారో నేను తేల్చలేకపోతున్నాను. బతికి ఉండగా రామమూర్తి రాజులా బతికారు. డబ్బు వరదలా వచ్చింది, వచ్చినదాంట్లో చాలా దానాలకే పోయింది.

చివరి రోజులు మాత్రం కష్టంగా నడిచాయి. కాలికి పుండు లేచి ముదిరింది. కాలు తీసెయ్యక తప్పలేదు. కోస్తున్నప్పుడు మత్తుమందు వద్దని ఊపిరి బిగబట్టి కూర్చున్నారని మనవాళ్ళు చెబుతారు. అది వినగానే నాకు ఏనుగు కింద బిగబట్టిన ఊపిరే గుర్తొచ్చింది. కాలు పోయాక ఆ పాత ప్రదర్శనలు లేవు. డేరా మొత్తం ఒక్క మనిషి గుండెల మీద నిలబడి ఉన్నప్పుడు, ఆ మనిషి పడుకుంటే చివరి అంశం చెయ్యడానికి రెండోవాడు ఉండడు. బుకింగ్ తప్పంటే అదే అన్నాడు మా పెద్దవాడు ఇది విన్నాక. తన తర్వాత పైకి తేవాల్సినవాణ్ణి తయారు చెయ్యలేదట. పదిహేనేళ్ళ కుర్రాడి మాట గానీ, కొట్టిపారెయ్యలేకపోయాను.

చివరికి ఆశ్రయం ఇచ్చింది ఒరిస్సాలోని పట్నా సంస్థానం. బీహారు పట్నా కాదు, బలంగీర్ రాజధానిగా ఉన్నది. ఏ రాజు కొలువూ లేకుండా సొంతంగా బతుకుదామని డ్రిల్లు మాస్టారు ఉద్యోగం వదిలిన మనిషి, ఆఖర్న ఒక రాజు కొలువులోనే కన్నుమూశారు. 1942 జనవరి, సంక్రాంతి రోజులు. రాత్రి పడుకున్నవారు తెల్లారి లేవలేదని అంటారు. అరవై ఏళ్ళ వయసు. గామా ఇంకో 18 ఏళ్ళు బతికి 1960లో లాహోర్‌లో పోయారు.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో దుబాయ్ దేరాలో చేపల మార్కెట్ దగ్గర శుక్రవారం సాయంత్రాలు ఇసుకలో కుస్తీ జరిగేది. వారమంతా పనిచేసిన పంజాబీ, పాకిస్తానీ కుర్రాళ్ళు చొక్కాలు విప్పి దిగేవాళ్ళు. చుట్టూ జనం గుండ్రంగా కూర్చునేవాళ్ళు. గెలిచినవాడు చుట్టూ తిరిగితే నోట్లు చేతిలో పెట్టేవాళ్ళు. బుకర్ లేడు, బెల్టు లేదు. ఒక్కసారి మాత్రమే చూశాను. అందులో తెలుగువాడు ఎవరైనా ఉన్నాడేమోనని మొహాలు వెతకడం ఇప్పటికీ గుర్తుంది.

పోయిన శనివారం ఇదంతా పిల్లలకి చెప్పాను. లాహోర్ కుర్రాడు సైన్యం సంగతి దగ్గర ముందుకి జరిగి కూర్చుని విన్నాడు. పంజాబీలని పైకెత్తడానికి మమ్మల్ని తగ్గించారన్న మాట అతనికి కొత్త. తర్వాత అంతా కలిసి ఒక కాగితం తీసుకుని ఊహా కుస్తీ ఒకటి రాశారు. 1910, గామా పహిల్వాన్, కోడి రామమూర్తి. ఏనుగులు లేవు, కార్లు లేవు, ఎర్రమట్టి గోదా, ఒక్క పట్టు. వాళ్ళ అమ్మ కింద నుంచి ఫోన్ చేసేదాకా గంటసేపు వాదించుకున్నారు. ఎవరు గెలవాలన్న దగ్గరికి అసలు రానే లేదు. ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఆగిపోయింది. ఆ కుర్రాడు పాటియాలా అంటాడు, మావాళ్ళు విజయనగరం కంటోన్మెంట్ అంటారు. కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది.